రికార్డులో లేని మూడు దెబ్బలు

నేను ఒక పొన్నుకర్రను. నాలుగడుగుల గట్టి వెదురు ముక్క, కొనకు ఇత్తడి తొడుగు. అంతే నేను. ఒక సంగీత బృందంలో నేనూ మెంబర్నే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకు అలవాటే. నా పని మూడు దెబ్బలు. నలభై ఏళ్ల బతుకులో ఆ మూడు దెబ్బలే కొట్టాను. ఒక్కరికీ వినపడలేదు.

నన్ను ఏ అడవిలో నరికారో నాకు గుర్తులేదు, నరికినవాడికీ గుర్తుండదు. నల్లవాగు గనుల్లో కొట్టె ఓదెలుకు సర్దారు పని ఇచ్చిన రోజున ఆయన నన్ను కొని, కంచరివాడి దగ్గర ఇత్తడి పొన్ను వేయించాడు. ఇనుము రాయికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. గ్యాసున్న చోట ఆ ఒక్క రవ్వ చాలు. అందుకని ఇత్తడి.

సర్దారంటే గొప్ప పదవేమీ కాదు. కూలీలకంటే ముందు బాయిలోకి, అంటే గనిలోకి, దిగి, తల మీది రాయిని కర్రతో తట్టి చూసేవాడు. రాయి గట్టిదైతే 'ఖణ్‌' అంటుంది. లోపల పొర విడిపోతే 'దబ్‌' అంటుంది. దాన్ని బాయిలో డొల్ల అంటారు. ఒక్కో కప్పును మూడు చోట్ల తట్టాలి. బాగుంటే సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టాలి, డొల్లయితే పెద్ద ఇంటూ గీయాలి. రాయి చెప్పింది చెప్పినట్టు పైకి చేరవేయడమే నా ఉద్యోగం. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదే నా చేతకానితనం.

ఇరవయ్యెనిమిదేళ్ల కిందట ఒక మొదటి షిఫ్టులో ఓదెలు ఏడో నంబరు బాయిలో నన్ను ఎత్తి తట్టాడు. ఖణ్‌. ఖణ్‌. దబ్‌.

"డొల్ల. ఎవ్వలు లోపలికి పోవద్దు" అని ఇంటూ గీశాడు.

అండర్ మేనేజరు వచ్చాడు. ఆ నెల బొగ్గు తక్కువొచ్చిందని ఆయన మీద పైవాళ్లు కూర్చున్నారు. ఇంటూ గుర్తు చూసి, "నీ కర్ర ముసలిదైంది ఓదెలూ, రెండు దుంగలు నిలబెడితే అదే ఆగుతది" అన్నాడు. దుంగలు నిలబెట్టే పని లచ్చయ్యది. ఓదెలుకు బావ వరస. "నువ్వు తట్టినవ్ గద బావా, నేను గిట్ల పోయి గట్లొస్త" అని లోపలికి వెళ్లాడు. గట్ల రాలేదు.

కప్పు కూలినప్పుడు లచ్చయ్యతో పాటు ఓదెలు గీసిన సుద్ద గుర్తు కూడా కిందికొచ్చింది. విచారణలో ఓదెలు నన్ను బల్ల మీద పెట్టి, "నేను తట్టిన. మూడోది డొల్ల పలికింది" అన్నాడు. అండర్ మేనేజరు నేల చూపులు చూశాడు. గుమాస్తా పుస్తకం తిరగేసి, "రికార్డులో లేదు" అన్నాడు.

సర్దారు కప్పు తట్టలేదు. కాగితం మీద అలా తేలింది. ఆ కాగితాన్ని యూనియన్ నాయకుడు లచ్చయ్య భార్య లచ్చవ్వకు గట్టిగా చదివి వినిపించాడు. ఆమెకు చదువు రాదు. చదువు రానివాళ్లు కాగితాన్ని నమ్మినంతగా చదివినవాళ్లు నమ్మరు.

పదకొండో రోజు దాటాక ఓదెలు ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు, నన్ను పట్టుకునే.

"చెల్లె, నేను తట్టిన."

"మరి కాయితం అబద్ధమాడుతదా సర్దారూ?"

అంతకుముందు దాకా 'అన్నా' అని పిలిచిన మనిషి. ఆ రోజు నుంచి సర్దారు అయ్యాడు. తలుపు పడింది.

ఓదెలును బాయిలోంచి తీసి పైన ల్యాంపురూములో వేశారు. దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడం. నేను ఆ గది మూలన పదహారేళ్లు నిలబడ్డాను. ఓదెలు రిటైరయ్యాడు. బొగ్గు పైనుంచే తవ్వుకోవచ్చని కంపెనీకి తెలివి పుట్టి ఏడో నంబరు బాయి మూసేసి ఓపెన్‌కాస్టు మొదలుపెట్టింది. ల్యాంపురూము ఖాళీ. పక్షులు కూడా రాలేదు, అంత దుమ్ము.

ఆ ఖాళీ గదిలోకి వచ్చారు నా బృందం వాళ్లు.

జబ్బారు మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషి. బాయిలో మిషన్ బిగించడానికి పరాయి దేశం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకడు వెళ్తూ వెళ్తూ ఒక అట్టపెట్టె క్యాసెట్లు వదిలేసి పోయాడు. అవి చేతులు మారి మారి జబ్బారు దుకాణానికి చేరాయి. పత్తి చేలల్లో గొడ్డుచాకిరీ చేసిన నల్లవాళ్ల పాటలట. బ్లూస్ అంటారట. జబ్బారుకు అందులో ఒక్క మాటా అర్థం కాలేదు, అయినా నెల రోజులు మోటార్లు ముట్టుకోలేదు. తర్వాత తనే గిటారుకు తీగలు మార్చాడు, పాత దీపాల వైర్లతో. అది మోగితే గిటారులా ఉండదు. గొంతు పోయిన మనిషి దగ్గినట్టుంటుంది.

రూతు కంపెనీ ఆసుపత్రిలో ఆయా. ఆదివారం చర్చిలో పాడుతుంది. ఆమె కంఠం అడుగునుంచి వస్తుంది, చేదబావి లోంచి బొక్కెన పైకి వచ్చినట్టు బరువుగా. ఇద్దరూ పాడుకోవడానికి చప్పుడు బయటికి పోని గది వెతుక్కుంటూ వచ్చి, తాళంచెవి ఇంకా ఓదెలు దగ్గరే ఉందని తెలుసుకున్నారు. తాళం తీశాడు. తీసినవాడు వెళ్లలేదు.

"కాకా, నువ్వు కూడ ఏమన్న మోగించు" అన్నాడు జబ్బారు.

"నాకు కప్పు తట్టుడు తప్ప ఏమొస్తది రా?"

"అరే, గదే తట్టు."

ఓదెలు నన్ను ఎత్తి ల్యాంపురూము స్లాబును తట్టాడు. రూతు పాడుతున్నదల్లా ఆగి, "పెద్దబాపూ, మళ్ల" అంది. అలా నేను సంగీత విద్వాంసుణ్ని అయ్యాను. బృందానికి పేరు 'డొల్ల' అని పెట్టుకున్నారు. ఆ పేరు ఓదెలే పెట్టాడు.

పాట కట్టేటప్పుడు జబ్బారు చెప్పాడు: "ఈ బ్లూసుల ఒక మాటను రెండుసార్లు చెప్పాలె కాకా. మొదటిసారి ఎవ్వడు వినడు."

"రెండుసార్లేంది రా, నేను ఇరవయ్యెనిమిదేండ్ల సంది చెప్తాన."

రూతు నవ్వలేదు. ఆ మాటనే పాట చేసింది.

*పొద్దుగాల దిగిన, కప్పును తట్టిన,*
*అవును, పొద్దుగాల దిగిన, కప్పును తట్టిన…*

ఇక్కడ పాట ఆగాలి. గిటారు ఆగాలి. ఖణ్‌, ఖణ్‌, దబ్‌. ఆ తర్వాత ఆమె నెమ్మదిగా అందుకోవాలి:

*రాయి పలికిన మాట మీరెవ్వలు వినలే.*

జానపద చానెల్ వాడికి వినిపిస్తే, "పాటకు ఊపు లేదన్నా, మధ్యలో కరెంటు పోయినట్టు ఆగుడేంది? డీజే ఎక్కియ్యుండ్రి" అన్నాడు. పెళ్లి బ్యాండు వాడు, "సచ్చిన కాడ గూడ ఇంత ఏడుపు కొట్టం భాయ్" అన్నాడు. సరే, ఎవడూ వద్దని వాళ్లే రికార్డు చేసుకున్నారు. ఒక మైకు, ఒక ల్యాప్‌టాపు, ఒక మధ్యాహ్నం. మూడో దెబ్బ 'దబ్‌' అని పలకాలి కదా. ఓదెలు గదంతా తట్టి తట్టి, ఈశాన్యం మూలన స్లాబు ఉబ్బిన చోటు పట్టుకున్నాడు. అక్కడే కొట్టాడు. పాట అయిపోయినా నన్ను కింద పెట్టలేదు.

"బిడ్డా, ఇది రికార్డుల ఉంటది గద?" అని అడిగాడు రూతును.

"ఉంటది పెద్దబాపూ."

"లచ్చవ్వకు వినిపియ్యాలె. కాయితంల లేకున్నా రికార్డుల ఉంటది."

ముసలాడికి అదొక్కటే కావాలి. పేరక్కర్లేదు, చప్పట్లక్కర్లేదు. ఆ గుమ్మం దగ్గర ఆ మూడు దెబ్బలూ వినపడాలి.

పాటను కలిపి సరిచేసి పంపమని హైదరాబాదులో వినీత్ అనే అబ్బాయికి పంపారు. వారానికి అతను లింకు పంపాడు. ఓదెలు ముందు తను వినలేదు, రూతునూ విననివ్వలేదు. లచ్చవ్వతో పాటే వినాలని పట్టు. లచ్చవ్వకు టైఫాయిడ్ వచ్చినప్పుడు వార్డులో రూతే చూసింది, ఆ మొహమాటానికి తలుపు తెరుచుకుంది. రూతు లోపల గడప పక్కన కూర్చుంది. ఓదెలు బయటే, నా మీద బరువు మోపి.

ఫోను పాడింది. గిటారు దగ్గింది. *అవును, పొద్దుగాల దిగిన, కప్పును తట్టిన…*

నిశ్శబ్దం.

*రాయి పలికిన మాట మీరెవ్వలు వినలే.*

నేను లేను. నేను కొట్టిన చోట గాజు తుడిచినట్టు శుభ్రంగా ఖాళీ.

లచ్చవ్వ ఆ ఫోనును రూతు వైపు జరిపింది. ఆమెకు కోపం రాలేదు, అదే భయంకరం.

"పాటల గూడ తట్టలే" అంది.

ఇంటికొచ్చి రూతు ఫోను చేస్తే వినీత్ సంతోషంగా ఎత్తాడు. "బాగొచ్చింది కదా మేడం! మధ్యలో ఎవరో తలుపు కొట్టారండీ, మూడుసార్లు. మీరు గమనించినట్టు లేరు. నేను నీట్‌గా తీసేశా."

పాపం, మంచి పిల్లాడు. అండర్ మేనేజరు ఉద్యోగానికి భయపడి మమ్మల్ని చెరిపేశాడు, వీడు ప్రేమతో చెరిపేశాడు. చెరిపేయడానికి మనుషులకు కారణం కరువా? ఏడ్చినంత పని చేసి మర్నాటికల్లా దెబ్బలు మళ్లీ పెట్టి పంపాడు. రూతు పరుగున తీసుకెళ్తే లచ్చవ్వ విననే లేదు.

"నిన్న లేనివి ఇయ్యాల ఎట్లొచ్చినయ్ బిడ్డా? ఇప్పుడు తెచ్చి కలిపిన్రా?"

నిజాన్ని రెండోసారి చెబితే అది బ్లూసు కావచ్చు. గుమ్మం దగ్గర మాత్రం అది దొంగసాక్ష్యం అవుతుంది.

ల్యాంపురూమును ఆ నెలలోనే ఓపెన్‌కాస్టు మింగేసింది. దెబ్బలు లేని పాట మాత్రం ఊరంతా ఫోన్లలో తిరిగింది. ఎక్కడో ఎవరో 'ఆ నిశ్శబ్దం గొప్ప ప్రయోగం' అని రాశారట. జబ్బారు అది చదివి వినిపిస్తే ఓదెలు, "అవున్రా, శాన గొప్పది. మా అండర్ మేనేజరు మొదలువెట్టిండు దాన్ని" అన్నాడు.

మూడు రోజులకు ఒక మిట్టమధ్యాహ్నం నన్ను తీసుకెళ్లి లచ్చవ్వ గుమ్మానికి ఆనించాడు. తలుపు మూసే ఉంది.

"చెల్లె, ఇగ నేను చెప్పను. కర్ర ఈడ వెట్టి పోతాన. కోళ్లన్న అదిలించుకో."

వెళ్లిపోయాడు. నేను లేకుండా ఆయన నడవడం నేను వెనకనుంచి చూడటం అదే మొదలు. కాళ్లు అంత వంకరని నాకు తెలియదు.

లచ్చవ్వ నన్ను రెండు వారాలు ముట్టుకోలేదు. తర్వాత నిజంగానే కోళ్లను అదిలించింది. ఒకరోజు బట్టల తీగను ఎత్తి పెట్టింది. ఇంత బతుకూ బతికి తడి చీర కింద నిలబడ్డాను.

ఓపెన్‌కాస్టులో రోజూ మధ్యాహ్నం మూడింటికి బ్లాస్టింగు. క్వార్టర్లన్నీ ఊగుతాయి, గిన్నెలు కదులుతాయి, స్లాబు పెచ్చులూడుతుంది. ఒకరోజు అన్నంలో సున్నం రాలింది. లచ్చవ్వ పళ్లెం పక్కనపెట్టి పైకి చూసింది. బయటికొచ్చి, తీగ కిందినుంచి నన్ను లాగి, లోపలికి తీసుకెళ్లి ఎత్తింది.

ఖణ్‌. రెండడుగులు జరిగి ఇంకోసారి. ఖణ్‌. మంచం మీద, సరిగ్గా తల పెట్టుకునే చోట.

దబ్‌.

ఆమె చేయి ఆగింది. మళ్లీ కొట్టింది. దబ్‌. చెవి దగ్గర పెట్టుకున్నట్టు నన్ను నిలువుగా పట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కింటి సారక్క తొంగి చూసి, "ఏంది అక్కా, కర్రతోని కొడ్తానవ్?" అంది.

"మంచం బయటేద్దాం, ఓ చెయ్యి పట్టు."

"ఎందుకు? కప్పు బాగనే ఉన్నది గద?"

"సూడనీకి బాగనే ఉంటది" అంది లచ్చవ్వ. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం రెండుసార్లు ఓదెలు ఉండే వీధి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. మనుషుల పంతం రాతి పొరకంటే నెమ్మదిగా విడుతుంది.

రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే ఐదో రోజు పొద్దున ఓదెలు చనిపోయాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు. వాటిని మాత్రం డాక్టరు తట్టి చూసి డొల్ల అన్నాడట, కాగితం మీద రాశాడు కూడా.

శవయాత్ర లచ్చవ్వ గల్లీ మీదుగానే వచ్చింది. వేరే దారి ఉంది. జబ్బారు కావాలనే ఇటు తిప్పాడనుకుంటాను. డప్పులు ఆపమన్నాడు. పాడె ఆమె గుమ్మానికి ఎదురుగా ఆగింది. రూతు ఆయా చీరలోనే ఉంది, డ్యూటీ నుంచి అట్లే వచ్చినట్టుంది. జబ్బారు మెడలో గిటారు దగ్గింది. రూతు ఎత్తుకుంది.

*పొద్దుగాల దిగిన, కప్పును తట్టిన,*
*అవును, పొద్దుగాల దిగిన, కప్పును తట్టిన…*

ఆపింది. ఊరంతా ఆ పాటను నిశ్శబ్దంతోనే విన్నది కదా, నిశ్శబ్దం కోసం నిలబడింది.

లచ్చవ్వ గుమ్మంలో ఉంది. నేను ఆమె చేతిలో ఉన్నాను. దర్వాజా మీది గట్టి దూలాన్ని కొట్టింది: ఖణ్‌. ఇంకోసారి: ఖణ్‌. ఒక్కడుగు వెనక్కి వేసి, నన్ను మంచం ఖాళీ చేసిన మూలకు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

దబ్‌. పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది. దులుపుకోలేదు.

"డొల్లనే అన్నవ్ అన్నా" అంది. "డొల్లనే అన్నవ్."

రూతు ఆఖరి వరుస అందుకోలేకపోయింది. జబ్బారు రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి. ఫోను తీయాలని ఎవరికీ తోచలేదు.

పాడె లేచింది. లచ్చవ్వ నన్ను ఆ మూల కిందే నిలబెట్టింది. రోజూ మూడింటికి పేలుడు కాగానే తట్టి వింటుంది. ఇప్పుడు నా బతుకు ఇదే, దీనికి నాకు చిన్నతనమేమీ లేదు.

కాకపోతే ఆ రోజు ఆ గుమ్మంలో పలికిన మూడు దెబ్బలున్నాయే, ఓదెలు బతుకంతా అడిగినవి, అవి కూడా రికార్డులో లేవు.