కిటికీ వైపు కుర్చీలు

బతుకంతా నేను బొమ్మలకు బట్టలు తొడిగాను. పెద్ద బట్టల దుకాణంలో షోకేసులు సర్దడం నా ఉద్యోగం. ఏ బొమ్మ ఎటు తిరిగి నిలబడాలి, దీపం ఎవరి భుజం మీద పడాలి, రోడ్డున పోయేవాడు ఎక్కడ ఆగుతాడు, ఇవన్నీ నాకంటే బాగా తెలిసినవాడు లేడని నా నమ్మకం. మా ఆవిడ అభిప్రాయం వేరు. "బొమ్మలు నోరెత్తవు కాబట్టి మీ ఉద్యోగం నిలిచింది" అంటుంది. రిటైరయ్యాక ఇంట్లో సోఫా, బల్ల, బీరువా అన్నీ కొత్తగా సర్దాను. ఆవిడ మోకాలికి ఏదో ఒకటి తగిలినప్పుడల్లా నా కళ గురించి నాలుగు ముక్కలు వినాల్సి వచ్చేది.

ఆ తర్వాత నా కిడ్నీలు మొండికేశాయి. వారానికి మూడు పూటలు ఆసుపత్రిలో డయాలసిస్ కుర్చీ ఎక్కాల్సి వచ్చింది. ఒంట్లో రక్తాన్ని ఒక గొట్టంలోంచి లాగి, మెషిన్లో కడిగి, ఇంకో గొట్టంలోంచి లోపలికి పంపుతారు. అది పూర్తయ్యేదాకా సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. అంటే నాలాంటివాడు దేన్నీ అటూ ఇటూ జరపకుండా గంటల తరబడి కూర్చోవాలి. మొత్తం జబ్బులో నాకు ఇదే పెద్ద బాధగా తోచింది.

అది పొడుగాటి గది. ఒక గోడ నిండా కిటికీలు. కానీ వాటి తెరలు ఎప్పుడూ దించే ఉండేవి. కుర్చీలన్నీ కిటికీలకు వీపు పెట్టి వేశారు. తెరలు తీస్తే ఎదురుగా బల్ల దగ్గర కూర్చునే పెద్ద సిస్టర్ కళ్లలో వెలుతురు కొట్టి, మా మొహాలు ఆవిడకి కనబడవట. అందుకని పట్టపగలు ట్యూబులైట్లు. మేం చూడవలసింది ఆవిడ వెనక గోడ. దాని మీద నిలువునా కోసిన కిడ్నీ బొమ్మ, ఎర్రగా, నిగనిగలాడుతూ, మనిషంత ఎత్తున. కిడ్నీ పోగొట్టుకున్నవాళ్ల ఎదురుగా కిడ్నీని వేలాడదీసిన మహానుభావుడు మా దుకాణంలో అయితే ఒక్క పూట కూడా ఉద్యోగం చేసి ఉండేవాడు కాదు.

నేను ఊరుకునే రకం కాదు కదా. "సిస్టర్, కుర్చీలు కిటికీ వైపు తిప్పితే బాగుంటుందమ్మా" అని మొదలుపెట్టాను.

"నాకు మీ మొహాలు కనబడాలి బాబాయ్‌గారూ" అంది ఆవిడ, సూది సర్దుతూ.

"ఏదైనా అయితే మెషిన్లు కూస్తాయి కదమ్మా. మొహాలతో పనేముంది?"

ఈ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కరుచుకుంటాను గానీ, ఆ రోజు ఎంతో తెలివిగా అన్నాననుకున్నాను.

వచ్చిన ప్రతిసారీ అడిగాను. మంచివారు కావడంతో డాక్టరుగారు కూడా నాకు దొరికిపోయారు. నా పక్క కుర్చీలో ఒకాయన ఉండేవాడు, బస్సు కండక్టరుగా చేసి మానేసినవాడు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మాట్లాడుతూనే ఉండేవాడు. గదిలో అందరూ ఆయన్ని రేడియో అనేవారు. నాతో చుట్టరికం ఏమీ లేకపోయినా బావగారూ అని పిలిచేవాడు. "మా బావగారు చెప్పింది చేయండి, ఆయన కళాకారుడు" అని ఆయన కూడా పట్టుబట్టాడు. నా పోరు పడలేకో, రేడియో పోరు పడలేకో, మొత్తానికి ఒప్పుకున్నారు. మెకానిక్ వచ్చి గొట్టాల పొడుగు చూసుకుని, కుర్చీలు కొంచెం ముందుకు లాగి, ఒక్కొక్కటే తిప్పాడు. నేను పక్కన నిలబడి చేతులు ఊపుతూ అజమాయిషీ చేశాను.

అన్నీ తిరిగాయి, నాది తప్ప. నాకు సూదులు గుచ్చేది కుడిచేతికి. మూలన ఉన్న నా కుర్చీని తిప్పితే కుడివైపు స్తంభం వస్తుంది, అక్కడ మెషిన్ పట్టదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి ఎటూ కాకుండా ఐమూలగా, కిటికీకి వీపు పెట్టి, సరిగ్గా రేడియో మొహానికి ఎదురుగా ఆపారు. గది మొత్తానికి కిటికీ ఇప్పించిన పెద్దమనిషికి రేడియో దక్కాడు. సంగతి విని మా ఆవిడ నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది.

తెరలు ఎత్తారు. బయట సైకిళ్లు బాగుచేసే కొట్టు, దాని పక్కన చెట్టు, వచ్చేపోయే జనం, ఇవన్నీ కనబడేవట. నాకు ఎలా తెలుస్తుంది? అందరూ ఒక్కసారిగా నవ్వేవారు. నేను మెడ తిప్పేలోగా అయిపోయేది. "ఏమైంది, ఏమైంది" అని అడుక్కోవడమే నా పని. రేడియో దయతలచి చెప్పేవాడు. "కుక్క ఒకటి సైకిలెక్కింది బావగారూ" అనేవాడు. అబద్ధమని తెలుసు. అయినా వినేవాణ్ణి.

ఒకరోజు అలాగే చెబుతున్నాడు. "కొట్టు ముసలాయన చక్రం విప్పాడు బావగారూ. ట్యూబు తీశాడు. గిన్నెలో నీళ్లు పోసి..." అని ఆగాడు.

ఊరించడానికి ఆగాడనుకున్నాను. ఆ అలవాటు ఆయనకు ఉంది. నేను కూడా బెట్టుచేసి అడగలేదు. కాసేపటికి చూద్దును కదా, కిటికీ వెలుగులో ఆయన మొహం బూడిద రంగుకు తిరిగింది. పై పెదవి మీద చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఏమీ చూడడం లేదు. మెషిన్ కూయలేదు. వెనక బల్ల దగ్గర సిస్టర్ తలెత్తి చూసినా ఆవిడకు కనబడేది రేడియో తల వెనక భాగం. అది ఎప్పటిలాగే దువ్వుకుని శుభ్రంగా ఉంది.

బతుకంతా ఊరుకోని నాకు అప్పుడే నోరు మూతపడాలా? ఖాళీగా ఉన్న ఎడమచేత్తో పక్కనున్న స్టీలు ట్రేని తోసేశాను. అది పెద్ద చప్పుడు చేస్తూ కింద పడ్డాక గానీ "సిస్టర్, రేడియో, రేడియో" అనే మాట బయటికి రాలేదు.

ఆవిడ పరుగున వచ్చింది. కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు ఎత్తుపెట్టి, సెలైన్ వదిలింది. బీపీ పాతాళానికి పోయిందట. గదిలో ఎవరూ కిటికీ వైపు చూడలేదు. కొంతసేపటికి రేడియో పెదవులకు రంగు తిరిగింది. నా వైపు చూసి, "ఎక్కడిదాకా చెప్పాను?" అన్నాడు నీరసంగా.

"గిన్నెలో నీళ్లు పోశాడు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పాను. "మీవల్లే ఆయన ప్రాణం మీదికి వచ్చింది" అంది. కంచం నా ముందు పెడుతూ, "మీవల్లే బతికాడు కూడా. రెండూ మీరే చేస్తే ఇంక సిస్టర్‌కి పనేముంది" అంది. ఓదార్చిందో, దెప్పిపొడిచిందో తెలియక, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు, కుర్చీలు మునుపటిలా తిప్పించమని సిస్టర్‌ని బతిమాలుకోవాలని మాటలు కూడబలుక్కుని వెళ్లాను. గదిలోకి అడుగుపెట్టి చూస్తే ఆవిడ బల్ల కిటికీల కిందికి వచ్చేసింది. కిటికీలకు వీపు పెట్టి, నాది తప్ప అందరి మొహాలూ కనబడేలా కూర్చుంది.

"తప్పు నాదేనమ్మా, కుర్చీలు తిప్పించేయండి" అన్నాను.

"వద్దు బాబాయ్‌గారూ. ఇన్నాళ్లూ మిమ్మల్ని ట్యూబులైట్ల కింద చూశాను. ఆ వెలుతురులో అందరూ ఒకేలా పాలిపోయి ఉండేవాళ్లు. ఎవరికి నిజంగా బాగోలేదో ఇప్పుడు తెలుస్తోంది" అంది. నా మొహం వెలిగే ఉంటుంది, వెంటనే, "మరీ పొంగిపోకండి. మందుల బీరువా ఆ ఎదురుగోడకే ఉండిపోయింది. మీ కళ అంతా నా కాళ్ల మీద పడింది" అంది.

బీరువా ఎక్కడికి జరపాలో నాకు అప్పటికే తట్టింది. మొట్టమొదటిసారి నోరు అదుపులో పెట్టుకున్నాను.

రేడియో వచ్చాడు. మాట్లాడకుండా కూర్చున్నాడు. సూదులు గుచ్చేటప్పుడు కూడా ఏమీ అనలేదు. కిటికీ వైపు చూడకుండా తన చేతినే చూసుకుంటున్నాడు. ఈ మనిషి ఒక్క పూట ఊరుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఊరుకున్నాడు. నేను భరించలేకపోయాను.

"బావగారూ, మా షోకేసులో ఒకసారి ఏమైందో తెలుసా" అని నేనే మొదలుపెట్టాను. ఒక బొమ్మ చెయ్యి ఊడి, దాన్ని బిగిస్తూ నేను అద్దాల వెనక కదలకుండా నిలబడితే, ఒకావిడ నన్ను కూడా బొమ్మ అనుకుని నా చొక్కా ధర అడిగిన సంగతి. నాకు కథ చెప్పడం రాదు. ముందు చెప్పాల్సింది వెనక చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నేను మెడ తిప్పితే సిస్టర్ మాత్రం తలెత్తి చూస్తోంది.

రేడియో ఓపిక పట్టి విన్నాడు. చివరికి ఇంక ఉండబట్టలేక, "అలా కాదు బావగారూ, ధర అడగడం ఆఖర్న రావాలి. ఉండండి, నేను చెబుతాను" అని, గొంతు సవరించుకుని, గదికి వినబడేలా నా కథ మొదటి నుంచి అందుకున్నాడు. అందులో నేను అసలుకంటే చాలా పెద్ద వెధవనయ్యాను. నేను అడ్డురాలేదు.