కమాను కింద ఓబులేసన్న

మా ల్యాబ్ లోపల ఎండ కాస్తోంది. ఇటుకల బలం కొలిచే మిషన్ పక్కనే మట్టికుప్ప దగ్గర గొంతుక్కూచుని ఓబులేసన్న సున్నం కలుపుతున్నాడు. ఆయన పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు, అయినా ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపించి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాను. ఆర్కిటెక్చర్ చదువు ముగించి నేను మొదటిసారి అనంతపురం వెళ్లినప్పుడు, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఇది ఇటుకకు పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పిన మేస్త్రి ఆయన. అక్కడ ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం.

చూస్తుండగానే ల్యాబ్ గోడలు పల్చబడి, మేమిద్దరం కట్టిన అంగన్‌వాడీ అవుతాయి. సిమెంటూ ఇనుమూ లేకుండా, కాల్చని మట్టి ఇటుకలతో లేపిన కమాను కప్పు అది. ఇంజనీర్లు నమ్మక, బరువు ఆపుతుందో లేదో చూడ్డానికి పైన ఇసుక మూటలు పేర్పించారు. ఇప్పుడూ మూటలు వస్తూనే ఉన్నాయి, మబ్బుల్లా మెల్లగా వచ్చి కప్పు మీద వాలుతున్నాయి. ఆయన ఆ రోజులాగే లేచి దాని కిందికి వెళ్లి, బీడీ వెలిగించుకుని నిలబడతాడు. ఆ రోజు కోప్పడ్డానే గానీ ఎందుకలా చేశావని అడగలేదు. ఇప్పుడు అడుగుతాను.

"ఆ పొద్దు నీ చేతులు వణుకుతాండె మ్మా," అంటాడు. "కట్టినోడే కింద నిలబడకపోతే నీ లెక్కల్ని ఎవరు నమ్ముతారు?"

ఆ కప్పు మీద రాసిన పరిశోధన వ్యాసంతోనే నాకు ఉద్యోగమూ పేరూ వచ్చాయని, అందులో ఆయన్ని మాత్రం స్థానిక పనివారు అన్న ఒక్క మాటతో సరిపెట్టానని చెబుతాను. ఆయన అదేమీ పట్టించుకోడు. పిల్లోళ్లు ఇంకా అక్కడే పడుకుంటున్నారా, వానకు ఎక్కడైనా కారిందా అని అడుగుతాడు. ఎక్కడా చెమ్మ కూడా లేదంటాను. ఆయన ముఖం విచ్చుకుంటుంది.

"ఇప్పుడా వ్యాసం పుస్తకంగా వస్తోందన్నా. నీ పేరు వేయిస్తాను."

"ఏపిస్తే పూర్తిగా ఏపిచ్చు మ్మా. మా ఊర్లో ఓబులేసులు పదిమంది ఉండారు."

కలం తీస్తాను, కాగితం మీద ఆనిస్తాను, అక్కడే ఆగిపోతాను. ఆయన ఇంటిపేరు నాకు తెలియదు. తలెత్తి అడగబోయేసరికి, గోడ ఆరిపోతోందంటూ ఆయన బకెట్ పట్టుకుని ఎండలోకి నడిచిపోతున్నాడు, నా పిలుపు అంత దూరం పోవడం లేదు.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది. పుస్తకం ప్రూఫులు బల్ల మీదే ఉన్నాయి. ముఖమైనా కడుక్కోకుండా ఆయన కూతురు రామాంజినమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు తండ్రి పనే చేస్తోంది. ఇంటిపేరు కావాలన్నాను, ఎందుకో చెప్పాను. అటువైపు గోడకు నీళ్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమె పైపు ఆపినట్టుంది.

"రాసుకోండి మ్మా," అని ఒక్కో అక్షరమే నిదానంగా చెప్పింది.

కుంచెపు ఓబులేసు. నా పేరుకంటే ముందు రాశాను.