పొయ్యి కాడి రౌండు

వంట సావడి గోడకు అతికించిన కాగితాన్ని ఏసమ్మ మూడుసార్లు చదివించుకుంది. మొదట గేటు దగ్గరి నాగేష్ చదివాడు. తర్వాత మందుల షాపు లక్ష్మక్క చదివింది. ఇద్దరూ ఒకటే చెప్పారు. అయినా మూడో మనిషి చదివితే మాట మారుతుందేమోనని, పిల్లల వార్డు చిన్న డాక్టరు కృపను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మళ్లీ చదివించింది. మాట మారలేదు. వచ్చే సోమవారం నుంచి వంట సావడి మూసేస్తారు. రోగుల వెంట వచ్చినవాళ్లకు క్యాంటీన్లో ఉచితంగా భోజనం పెడతారు. సావడి ఉన్న జాగాలో వైద్య విద్యార్థులకు శిక్షణ భవనం కడతారు.

“అయితే కూలగొడతారా?”

“అవునవ్వా. నాలుగంతస్తులంట. బాగుంటాది.”

“బాగుంటాదిలే. నేనేమన్నా బాగుండదంటినా?” అని ఏసమ్మ కసిరింది.

కృప ఏమీ అనుకోలేదు. ఆ ఆసుపత్రిలో ఏసమ్మ చేత కసిరించుకోని డాక్టరు లేడు. అట్లాంటివాడు ఎవడైనా ఉంటే వాడి పట్టాను అనుమానించాల్సిందే.

ఏసమ్మకు అరవై ఐదు దాటాయి. ఆయా ఉద్యోగం నుంచి రిటైరై ఐదేళ్లయింది. అయినా రోజూ పొద్దున ఇంత బొరుగుల ఉగ్గాణి తిని, కొంగు దోపుకుని, ఎనిమిదికల్లా వచ్చి సావడి అరుగు మీద కూర్చుంటుంది. జీతం లేకుండా ఎందుకొస్తావని ఎవరైనా అడిగితే, “జీతం పోయింది గానీ నోరు పోలే కదప్పా” అంటుంది.

బోర్డు మీద ఎంత పొడవు పేరున్నా ఆదోనిలో అందరికీ అది దూది ఆసుపత్రే. ఆ పేరు ఊరికే రాలేదు. దాదాపు యాభై ఏళ్ల కిందట, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు గోదాములో డాక్టర్ సుందరమ్మ రెండు మంచాలూ ఒక బల్లా వేసి దాన్ని మొదలుపెట్టింది. ఎన్నిసార్లు దులిపినా దూలాల్లో దూది ఉండనే ఉండేది. ఫ్యాను వేస్తే చాలు, పింజలు పింజలుగా రాలేది. పుట్టిన పిల్లల తడి తలకు అది అంటుకుంటే, “నెరిసిన తలకాయతోనే పుట్టినాడే వీడు” అని బాలింతలు నొప్పి మరిచిపోయి నవ్వేవాళ్లు. ఆస్పరి నుంచి, చిప్పగిరి నుంచి ఎడ్లబండ్ల మీద మనుషులొచ్చేవాళ్లు. మంచాలు చాలకపోతే చాపలు, చాపలు చాలకపోతే గోనెసంచులు. దుప్పట్లు మాత్రం ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసినవి. ఒక నేతగాడి భార్యకు కాన్పు కష్టమై బతికి బయటపడితే, ఆయన ఏటా ఒక మూట తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేవాడు.

తర్వాత రెండు మంచాలు ఇరవై అయ్యాయి. నర్సుల బడి వచ్చింది. ఎమ్మిగనూరులో ఒక చిన్న శాఖ తెరిచారు. దేశంలో ఎక్కడెక్కడో ఎంబీబీఎస్ చదివినవాళ్లు పై చదువు కోసం ఇక్కడికి రావడం మొదలైంది. ఇప్పుడు మూడు వందల మంచాలు, రెండు లిఫ్టులు. ఈ లిఫ్టులంటే ఏసమ్మకు ఇప్పటికీ నమ్మకం లేదు. గోదాము పడగొట్టిననాడు ఆమె ఏడ్చింది. కొత్త వార్డులో తెల్లటి పలకలు చూసి మళ్లీ మురిసింది. ఆసుపత్రి పెరగడం ఆమెకు సొంత బిడ్డ పెరిగినట్టే. కానీ సావడి సంగతి వేరు.

సావడి అంటే పెద్దగా ఏమీ లేదు. పైన రేకులు, కింద పన్నెండు పొయ్యిలు. రోగుల తోడుగా వచ్చిన ఆడవాళ్లు అక్కడ రొట్టెలు కాల్చుకుంటారు. పొద్దున ఒక రౌండు, సాయంత్రం ఒక రౌండు ఏ ఆసుపత్రిలోనైనా ఉంటాయి. ఇక్కడ మూడోది ఉండేది. వార్డుల పని ముగిశాక సుందరమ్మ డాక్టరు తన శిష్యులను వెంటబెట్టుకుని సావడికి వచ్చేది. చేతిలో పెన్నుండకూడదు, మెడలో గొట్టముండకూడదు. అందరూ కింద కూర్చోవాలి, పెట్టిన రొట్టె ముక్క తినాలి. అప్పుడు నిజాలు వాటంతటవే బయటికొచ్చేవి. ఎవరి మొగుడు మాత్రలు కిటికీలోంచి విసిరేస్తున్నాడో, ఏ ముసలమ్మ చక్కెర జబ్బు పెట్టుకుని తలగడ కింద బెల్లం దాచిందో, మంచం దగ్గర చెప్పనివన్నీ పొయ్యి కాడ చెప్పుకునేవాళ్లు. దానికి పేరే పొయ్యి కాడి రౌండు.

సుందరమ్మ చనిపోయి ఎనిమిదేళ్లయింది. రౌండు కూడా మెల్లగా తగ్గిపోయింది. ఏసమ్మ లాక్కొస్తే వచ్చే విద్యార్థులే ఇప్పుడు మిగిలారు.

ఆమె నేరుగా డైరెక్టరు గదికి వెళ్లింది. డైరెక్టరు బాలరాజుది కృష్ణగిరి వైపు పల్లె. ఇక్కడే చదివి, ఇక్కడే పెద్దవాడయ్యాడు. మొదటిసారి పొయ్యి కాడి రౌండుకు వచ్చినప్పుడు నిప్పున్న కొరివి మీద కూర్చుని ప్యాంటుకు చిల్లి పెట్టుకున్న మనిషి. ఆ సంగతి ఏసమ్మకు గుర్తుందని ఆయనకూ తెలుసు. అందుకే లేచి కుర్చీ వేశాడు.

“పొగ అక్కా,” అన్నాడు. “పక్కనే ఉండేది ఊపిరితిత్తుల వార్డు. ఇంగ ఫైరువాళ్లు రెండుసార్లు రాసినారు. ఎంతకని ఆపేది?”

“పొగ సంగతి సరేలేప్పా. మరి రౌండు?”

“దానికిప్పుడు క్లాసుంది కదా. రోగులతో ఎట్ల మాట్లాడాల్నో నేర్పిస్తాండాము. రోగుల మాదిరి నటించేవాళ్లను పిలిపిస్తాము.”

“రోగం లేనోళ్లు రోగమని నటిస్తే, వాళ్లనడిగి నేర్చుకుంటారా? మూడొందల మంది రోగులను ఇంట్ల పెట్టుకోని!”

బాలరాజు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నిజంగానే అడిగాడు. “కాలం మారింది అక్కా. తల్లులు చదువుకున్నోళ్లు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఇప్పుడు డాక్టరు కాడ దాసేదెవరు, ఎందుకు దాస్తారు? ఒక్క మంచి కారణం చెప్పు. ట్రస్టు ముందర పెడతా. ఉట్టి పాత జ్ఞాపకమంటే వాళ్లు ఒప్పుకోరు.”

కారణం ఏసమ్మ దగ్గర ఉంది. నలభై మూడేళ్లుగా ఉంది. గొంతు దాకా వచ్చింది కూడా. అది చెబితే సావడి నిలుస్తుందేమో. కానీ అది చెప్పిన తర్వాత ఈ ఆసుపత్రిలో తన మొహం ఎవరికి చూపించగలదు? ఇన్నేళ్లు ఎందరు తల్లులకు బుద్ధి చెప్పింది, ఎందరు డాక్టర్లను కసిరింది! ఆమె లేచి వచ్చేసింది. దావంతా తనను తానే తిట్టుకుంది.

మధ్యాహ్నానికి సావడిలో నాలుగు పొయ్యిలు వెలుగుతున్నాయి. చివరి పొయ్యి దగ్గర ఆస్పరి నుంచి వచ్చిన దేవక్క జొన్నరొట్టె తడుతోంది. పక్కన ఆమె కోడలు పద్మ, ఒళ్లో ఏడాది పిల్లాడు. మూడు రోజులుగా వాడికి విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. అంతలో కృప వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

“పద్మా, బాబును వార్డు దాటి తీసుకురావద్దంటిని కదా! ఉచ్చ పోసినాడా?”

“లేదు మేడం.”

“పొద్దున్నుంచి గ్లాసులకు గ్లాసులు ఓఆర్ఎస్ నీళ్లు తాగినాడంటివి. మరి యాడికి పోతాండాయి?” కృప చేతిలో కాగితం చూసుకుంది. అందులో ‘బాగా తాగుతున్నాడు’ అని ఆమే రాసింది. “రాత్రి పెట్టిన సెలైన్ సూది కాడ చెయ్యి వాచింది. ఇంకో నరం దొరకడం లేదు. నేను పోయి సీనియర్‌ను పిల్సుకొస్తా. మీరు వార్డుకు పదండి.”

కృప వెనుదిరిగిందో లేదో, దేవక్క రొట్టె తిప్పుతూ పక్క పొయ్యి ఆమెతో గర్వంగా అంది. “వీళ్లకేం తెలుసమ్మా. పారుకునే బిడ్డకు నీళ్లు తాపితే ఇంగా పారదా? కడుపెండితేనే కదా కట్టేది. తాపినామని సెప్పి, కిటికీ కాడ పూలకుండీలో పోస్తాండాము.”

ఏసమ్మ అరుగు మీంచి లేచింది. అవే మాటలు. తన అత్త అన్నవే.

“కృపమ్మా! ఆ కాయితం మడిసి జేబులో పెట్టుకోని ఈడికి రా. వచ్చి కూసో.”

కృప కాగితం జేబులో పెట్టుకుని వచ్చి కింద కూర్చుంది. ఏసమ్మ దేవక్కను కసరలేదు. అందరికీ ఆశ్చర్యం కలిగించింది అదే. పొయ్యి దగ్గరికి జరిగి, పద్మ మోకాలి మీద చెయ్యి వేసింది.

“నాకూ ఒక బిడ్డుండె పద్మా. రూతు దాని పేరు. పద్నాలుగు నెల్లు. ఆ ఏడు వానల్లేవు. ఎమ్మిగనూరు అవతల మా పల్లె నుంచి ఎత్తుకోని ఈ ఆసుపత్రికే వస్తిమి. ఇట్లనే పారుకుంటాండె. సుందరమ్మ డాక్టరు ఉప్పు సక్కెర నీళ్లు కలిపిచ్చి, సెంచాతో తాపమనె. మా అత్త తాపొద్దనె. నేను అత్త మాట ఇంటి.”

పొయ్యిలో కట్టె చిటపటమంది.

“డాక్టరమ్మ వచ్చి మంచం కాడ నిలబడి ‘తాపినావా’ అనె. తాపినానంటి. ‘ఉచ్చ పోసిందా’ అనె. పోసిందంటి. బిడ్డ కింద గుడ్డ సూస్తాదేమోనని భయమేసె. ఆమె ఇచ్చిన నీళ్లే ఇంత గుడ్డ మింద పోసి తడిపి సూపిస్తి. ఆమె సేత్తో తాకి, తడి సూసి, మంచిదమ్మా అనుకుంటా పోయె. తెల్లారి కోడి కూసేటప్పటికి రూతు పోయింది.” ఏసమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “డాక్టరమ్మ నన్ను ఏనాడూ అడగలే. నేను ఊరికి పోలేక ఈడనే పడుంటే, మూడోనాడొచ్చి నా పక్కన కింద కూసుండె. మర్నాడూ వచ్చె. ఈడ రొట్టెలు కాల్చుకునే ఆడోళ్లు ఏం సెప్పినారో, ఆమెకు తెలుసో తెలీదో, సచ్చేదాకా నాకు తెలీలే. నాకు పనిచ్చె. నేను నోరు మూసుకోని పని సేసుకుంటి. తాపమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, తాపు.”

పద్మ అత్త మొహం చూసింది. దేవక్క చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. “పో, పో,” అంది కోడలితో, “ఆ నీళ్లు తేపో.” కృప అప్పటికే లేచి పరుగెత్తింది.

ఏసమ్మ తల తిప్పి చూసేసరికి సావడి గుంజ పక్కన బాలరాజు నిలబడి ఉన్నాడు. జాగా కొలవడానికి ఇంజనీరుతో వచ్చినట్టున్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో గానీ అంతా విన్నాడని మొహమే చెబుతోంది. ఇక అయిపోయింది అనుకుంది ఏసమ్మ.

ఆయన మెల్లగా వచ్చి, మోకాళ్ల నొప్పితో అవస్థ పడి కింద కూర్చున్నాడు.

“ఆ తల్లివి నువ్వేనా అక్కా?”

ఏసమ్మకు అర్థం కాలేదు.

“డాక్టరమ్మ ప్రతి బ్యాచికి మొదటి రోజు ఒకటే పాఠం చెప్పేది. ‘నేను చంపిన బిడ్డ’ అని మొదలుపెట్టేది. తడిగుడ్డ సంగతి చెప్పేది. ‘నేను నిలబడి అడిగినా, అందుకే ఆ తల్లి భయపడి తడి చూపించింది. పక్కన కూసోని అడిగింటే నిజం చెప్పేది. తప్పు ఆమెది కాదు, నాది’ అనేది. పేరడిగితే ఒక్కరికీ చెప్పలేదు. ఆమె పోయినాక ఆ పాఠం నేనే ఆపేసినా. ఆసుపత్రికి చెడ్డపేరని.” ఆయన తల వంచుకున్నాడు. “రేకులకు పొగగొట్టాలు పెట్టిస్తా, కట్టెల బదులు గ్యాసు పొయ్యిలు పెట్టిస్తా. భవనం ఇంకో పక్క కట్టుకుంటాము. ట్రస్టుకు నేను చెప్పుకుంటా.”

ఏసమ్మ అప్పుడు ఏడ్చింది. సావడి నిలిచినందుకు మాత్రమే కాదు. సుందరమ్మ పోయేదాకా ముప్పై ఐదేళ్లు ఇద్దరూ ఒకే బరువు మోశారు, ఒకరికొకరు చెప్పుకోలేదు. తన వాటా కూడా డాక్టరమ్మే ఎత్తుకుని పోయింది. దేవక్క కాలిన రొట్టెను రెండుగా తుంచి, ఉల్లికారం పెట్టి ఇద్దరికీ ఇచ్చింది. బాలరాజు తిన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా వార్డులో పద్మ చెంచాతో తాపుతూనే ఉంది. కక్కితే కాసేపు ఆగి మళ్లీ తాపింది. పక్కనే స్టూలు వదిలేసి కృప నేల మీద కూర్చుంది. పాత కాగితం మీద రాసింది కొట్టేసి కొత్తగా రాసుకుంది. దేవక్క నీళ్లు కలిపి ఇస్తోంది, ఇప్పుడు ఆమెదే తొందరంతా.

దీపాలు పెట్టే వేళకు పద్మ సావడి దాకా ఉరుక్కుంటూ వచ్చింది.

“పోసినాడవ్వా! ఉచ్చ పోసినాడు! సూడు, సీరంతా తడిపినాడు!”

సావడిలో ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఏసమ్మ లేచి వెళ్లి పద్మ చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుంది. తడిగానే ఉంది. అయినా ఆమె నమ్మలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“నీళ్లు కాదు,” అంది ఏసమ్మ. “ఉచ్చే.”