పగలని గాజు పట్టీ

ఆ అపార్ట్‌మెంట్లో ఎవరికి ఏ ప్రమాదం ఎటునుంచి వస్తుందో మేస్త్రికి కంఠతా వచ్చు. నాలుగో అంతస్తావిడ పిట్టగోడ మీద పెట్టిన పూలకుండీలు ఏ గాలికి ఎవరి నెత్తిన పడతాయో, మూడో అంతస్తువాళ్ళు బట్టలు పిండి వదిలేసిన నీళ్ళకి మెట్ల మీద ఎవరు జారతారో, మీటర్ల పెట్టెలోంచి వేలాడే వైరు ఎవరి మోచేతికి తగులుతుందో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ముప్పై అయిదేళ్ళు ఇళ్ళు కట్టిన మనిషి. పని మానేశాక కట్టడానికి ఇల్లు దొరక్క, ఉన్న ఇంట్లో తప్పులు పట్టుకుంటున్నాడని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. సెక్రటరీ అయితే ఆయన మెట్లు దిగుతుంటే చాలు, మోగని ఫోను చెవికి పెట్టుకునేవాడు. ఎప్పుడైనా దొరికిపోతే అంతా విని "చూద్దాం" అనేవాడు. రెండేళ్ళ కిందట, మూల స్తంభం మొదట్లో డ్రైనేజీ పైపు కారి నీళ్ళు నిలుస్తున్నాయని చెప్పినప్పుడూ అదే మాట. ఆ రోజునుంచి మేస్త్రి అతనికి చూద్దాంగారు అని పేరు పెట్టాడు.

ఆయన్ని చూసి నవ్వని మనిషి ఒక్క భార్యే. ఆ అనుమానాలకి మూటలు మోసింది ఆమె కదా మరి. పెళ్ళయ్యాక ఇది ఆరో ఇల్లు. ఒకచోట స్లాబు చెమ్మ పట్టిందని, ఒకచోట మెట్లు ఊగుతున్నాయని, ఇంకోచోట బావి పూడ్చిన నేల అని, అయిదిళ్ళు ఖాళీ చేయించాడు. వాటిలో ఒక్కటీ కూలలేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆమె ఆ ఇళ్ళ వంక చూసేది. ఆయన రోడ్డుకి అవతలి వైపు చూసేవాడు.

మేస్త్రిది ఉత్త చాదస్తం కాదని ఆమెకీ తెలుసు. కుర్రతనంలో ఆయన, ఆయన అన్న ఒకే గోడ కింద పనిచేస్తుండగా పైన టిక్కుమని చిన్న చప్పుడయింది. ఇద్దరూ విన్నారు. ఏం కాదులే అన్నాడు అన్న. ఆ తర్వాత అన్న ఇంకే మాటా అనలేదు. అప్పట్నుంచి మేస్త్రికి ఏ గోడనీ నమ్మడం చేతకాలేదు.

రెండో అంతస్తులో తమ గుమ్మానికీ పక్కింటి గుమ్మానికీ మధ్య గోడ మీద, దూలం కింద, జానెడు పొడవున పగులు కనిపించినప్పుడు ఆమెకి గుండె జారిపోయింది. పగులుని చూసి కాదు, ఆయన మొహం చూసి. ఆయన పనివాళ్ళు చేసే పద్ధతిలోనే, సన్నటి గాజు పట్టీ ఒకటి పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివర్లా జిప్సం ముద్దతో అతికించాడు. పక్కన పెన్సిల్‌తో తేదీ వేశాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు, ఠప్పున పగులుతుంది. పగలకపోతే అది పాత పగులు, నిద్రపోతోందన్నమాట.

ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఆ గాజు పగిలితే నేనే మూట కట్టుకుని ముందు నడుస్తాను. పగలకపోతే మీరు నోరెత్తకూడదు. అది కూడా సోమవారం సోమవారం చూడండి. రోజూ స్టూలెక్కారంటే మన ఒప్పందం చెల్లదు."

ఆయన సరేనన్నాడు. అయిదు నెలలు ప్రతి సోమవారం స్టూలెక్కి టార్చి వేసి చూశాడు. గాజు చెక్కు చెదరలేదు. ఆమె కింద స్టూలు పట్టుకుని నిలబడి, "ఏమంటోంది మీ గాజు?" అని అడిగేది. ఆయన టార్చి ఆర్పి దిగేవాడు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆయనకి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఇంటి వీధి తలుపు పట్టేయడం మొదలెట్టింది. ముందు కింద కొంచెం రాసుకునేది, ఇప్పుడు భుజం పెట్టి తోస్తే గాని మూతపడటం లేదు. చెమ్మకి చెక్క ఉబ్బిందంది ఆమె. వాన కురిసి రెండు నెలలయింది. ముప్పై అయిదేళ్ళలో ఎన్నో వందల తలుపులు బిగించిన మనిషికి ఆ మాట ఎలా మింగుడుపడుతుంది? తలుపేమో గోడ కదిలిందంటోంది, గాజేమో లేదంటోంది. రెండిట్లో ఒకటి అబద్ధమాడుతోంది.

తలుపుకి అబద్ధం చేతకాదు. గాజుకీ చేతకాదు. ఇక మిగిలింది మనుషులే.

మనుషులనగానే ఆయన చూపు పక్కింటి గుమ్మం మీదికి పోయింది. ఆ ఇంటాయన ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసే ఉద్యోగి. మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున పదకొండింటికల్లా ఆ ఇంట్లోంచి దబ్, దబ్ అని గోడ అదిరేలా చప్పుడు. అందుకే మేస్త్రి అతనికి దబదబ అని పేరు పెట్టాడు. అతను అప్పుడప్పుడు దుప్పటి కప్పిన సంచులు మోసుకుంటూ మెట్లెక్కేవాడు. ఇల్లు పగలగొట్టేవాడైతే సంచులు కిందికి దిగాలి. ఇక్కడ ఎక్కడమే గాని దిగడం లేదు. ఏమిటవి అనడిగితే నీళ్ళు నమిలాడు. అతని భార్య తలుపు ఎప్పుడూ బెత్తెడే తీసేది, మొహం సగమే కనపడేది. ఒకరోజు అతని వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి చూశాడు మేస్త్రి. గుమ్మం ముందు చెప్పుల ముద్రలూ తెల్లగానే ఉన్నాయి. అది జిప్సం. మేస్త్రి కంటికి పిండికీ జిప్సానికీ తేడా తెలియకపోవడమేమిటి?

ఇంకేముంది, అంతా అర్థమైపోయిందనుకున్నాడు. ఆ మనిషి లోపల ఏదో గోడ కొడుతున్నాడు, గాజు పగిలినప్పుడల్లా గుట్టు బయటపడకుండా కొత్తది అతికిస్తున్నాడు. భార్యతో చెబితే, "పోనీండి, వాళ్ళ జోలి మనకెందుకు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అంత తొందరగా ముఖం చాటేయడం ఆయనకి ఆ రోజు వింతగా తోచలేదు.

రుజువు కావాలి. ఆ సోమవారం స్టూలెక్కి, ఆమె కిందనుంచి చూస్తుండగానే, చేతిలో దాచిన మేకుతో గాజు మూల మీద చిన్న గీత గీశాడు. ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగి మళ్ళీ ఎక్కేసరికి గాజు నిండుగా ఉంది, తేదీ అలాగే ఉంది, గీత లేదు. జిప్సం ముద్దలు చూశాడు. అంచులు నున్నగా, పొందికగా ఉన్నాయి. తన చేతికంటే మంచి చెయ్యి. దబదబకి ఇంత పనితనం ఎక్కడిది అనుకున్నాడు గాని, అనుమానం తలకెక్కిన మనిషికి అలాంటివి అడ్డం రావు.

మర్నాటినుంచి కాపు కాశాడు. క్షవరానికి వెళ్తున్నానని, కూరగాయలకని, బ్యాంకులో పనుందని ఇంట్లో చెప్పి, కిందికి దిగినట్టే దిగి, లిఫ్టులో మూడో అంతస్తుకి వెళ్ళి, మెట్ల మలుపులో నీళ్ళ డ్రమ్ము వెనక నక్కేవాడు. అక్కణ్ణుంచి రెండు గుమ్మాలూ కనిపిస్తాయి. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు మూడో అంతస్తావిడ చూసి, ఒంట్లో బాగాలేదా అన్నయ్యగారూ అనడిగింది. మూడో రోజు పదింటికి తలుపు కిర్రుమంది.

తీసింది తమ తలుపు.

భార్య స్టూలు తెచ్చి గోడ పక్కన వేసింది. అటూ ఇటూ చూసి ఎక్కింది. కొంగులోంచి బ్లేడు తీసి పాత జిప్సం గీకి, రెండు ముక్కలైన గాజుని జాగ్రత్తగా ఊడదీసింది. గరిటెలో కలిపి తెచ్చుకున్న జిప్సం వేలితో తీసి పెట్టి, కొత్త పట్టీ అతికించింది. పెన్సిల్ తడిపి పాత తేదీనే మళ్ళీ దిద్దింది. ఇరవై ఏళ్ళు ఆయనతో పాటు సైట్లలో సున్నం కలిపిన చెయ్యి అది. మేస్త్రికి కోపం రాలేదు. ముందు సిగ్గేసింది, దొంగని పట్టుకోవడానికి వచ్చి తన ఇంటి మనిషిని చూసినందుకు. ఆ వెనకే భయం పట్టుకుంది. ఆమె మార్చిందంటే గాజు పగిలిందన్నమాట.

మెట్లు దిగి వచ్చి స్టూలు పట్టుకున్నాడు. ఆమె కిందికి చూసింది. తప్పించుకునే మాట ఏదీ వెతుక్కోలేదు.

"ఇది ఎన్నోది?"

"ఏడోది," అంది ఆమె. "ఆరు మార్చాను. ఇది ఏడోది."

లోపలికి తీసుకెళ్ళి వంటింటి అటక మీదినుంచి బిస్కెట్ల డబ్బా దింపింది. పగిలిన పట్టీలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆ రోజు చింపిన క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టింది. పారేయబుద్ధి కాలేదంది. మేస్త్రి పొట్లాలు బల్ల మీద వరసగా పేర్చాడు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నలభై రోజులు. ఆ తర్వాత ఇరవై రెండు. ఆ తర్వాత పదకొండు. తర్వాత ఏడు, అయిదు. ఇవాళ్టిది ఆమె చేతిలోనే ఉంది. దానికీ ముందుదానికీ మధ్య నాలుగు రోజులు. ఆయన ఇంక లెక్కపెట్టలేదు. నువ్వు పైనా కిందా ఉన్న వాళ్ళందరికీ చెప్పు, నేను పక్కింటికి వెళ్తానన్నాడు. ఆమె చెప్పులేసుకుంది. ఆమె ఏనాడూ ఎవరి మీదా ఒక ఫిర్యాదు చేసిన మనిషి కాదు. మేస్త్రి చెబితే తలుపు వేసుకునేవాళ్ళు, ఆమె చెబితే నమ్ముతారు.

పక్కింటి తలుపు ఎప్పటిలాగే బెత్తెడు తెరుచుకుంది. మీ వైపు పగులు ఎంతుందమ్మా అని అడిగాడు మేస్త్రి. సగం మొహం పాలిపోయింది. లోపల దబ్‌దబ్ ఆగింది. దబదబ తెల్లటి చేతులతో వచ్చి భార్యని పక్కకి జరిపి తలుపు పూర్తిగా తీశాడు.

బీరువా పక్కకి లాగి ఉంది. దాని వెనక గోడ దూలం దగ్గర్నుంచి నేలదాకా వేలు దూరేంత తెరుచుకుంది. ఇటుక ముక్కలు సుత్తితో కొట్టి దిగ్గొట్టి, పైన జిప్సం మెత్తి, మళ్ళీ విచ్చుకుంటే మళ్ళీ మెత్తి, గోడంతా మచ్చలు. సంచులు మూలన ఉన్నాయి. ఎదురు గోడ వారన మంచం మీద ఒక ముసలావిడ పడుకుని ఉంది. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న సంగతి మేస్త్రికి అప్పుడే తెలిసింది.

"అమ్మ మంచం దిగి మూడేళ్ళయింది, మేస్త్రి గారూ," అన్నాడు దబదబ. "ఖాళీ చేయమంటే ఎక్కడికి తీసుకెళ్ళను? మీ కంట పడిందంటే ఊరంతటికీ చెప్పేస్తారని దాచాను. మీరు మెట్లెక్కుతుంటే నాకు దడ పుట్టేది."

"నిన్ను చూస్తే నాకూ అంతే బాబూ. పద, చేతుల కుర్చీ ఉంటే తీసుకురా."

పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో కట్టారు. కదిలే గోడల మధ్య లిఫ్టుని నమ్మక మెట్ల దారినే, ముందు దబదబ, వెనక మేస్త్రి పట్టుకున్నారు. స్ట్రెచర్ల పని తెలిసిన చేతులు కాబట్టి కుర్చీ వంగలేదు. "మూడేళ్ళ తర్వాత వీధి చూడబోతున్నా, నెమ్మదిగా నడవండర్రా," అంది ఆవిడ. పైనుంచి నాలుగైదు కుటుంబాలు దిగుతున్నాయి. చూద్దాంగారు కిందినుంచి ఎదురొచ్చి, ఇంత హడావుడి అవసరమా, రేపు ఎవరైనా ఇంజినీరుని పిలిచి చూద్దామంటూ కుర్చీ ఇంకా గుమ్మాల ముందుండగానే దారికి అడ్డం నిలబడ్డాడు.

తల మీద టిక్కుమంది.

చాలా చిన్న చప్పుడు. కానీ మెట్ల మీదున్న అందరూ విన్నారు. జిప్సం ఇంకా సరిగ్గా ఆరని కొత్త గాజు నిలువునా రెండయింది. ఒక ముక్క మేస్త్రి భుజం మీద పడి నేల మీదికి జారింది. నలభై ఏళ్ళ కిందట విన్న చప్పుడు అది. అప్పుడు ఏం కాదులే అన్న మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ అనలేదు. చూద్దాంగారు గోడ వంక ఒక్కసారి చూసి, కుర్చీకి దారిచ్చి, రెండేసి మెట్లెక్కుతూ మిగిలిన తలుపులు బాదడానికి పైకి పరిగెత్తాడు.

మధ్యాహ్నానికి ఇంజినీర్లు వచ్చి, కింద స్తంభం మొదట్లో మట్టి తవ్వి చూసి, గేటుకి తాళం వేశారు. లోపలికి ఎవరూ వెళ్ళకూడదన్నారు. అపార్ట్‌మెంటు నిలబడే ఉంది, ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు. దబదబ తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, అక్కడ తనకి తెలిసినవాళ్ళున్నారని. జనం చుట్టాలకి ఫోన్లు చేసుకుంటున్నారు.

ఎదురుగా మూసి ఉన్న ఒక షాపు మెట్టు మీద మేస్త్రి, ఆయన భార్య కూర్చున్నారు. ఇంట్లోంచి ఆమె ఏమీ తెచ్చుకోలేదు. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా మాత్రం ఉంది. ఆయన అన్నాడు.

"నా మాట నువ్వు ఒక్కసారీ నమ్మలేదు కదే."

"నమ్మకపోతే మార్చేదాన్నా? పగిలినా ఏం కాదులే అని మీతోనే వాదించేదాన్ని. మీరన్నది నిజమని మొదటి ముక్క చేతిలోకి తీసుకున్న రోజే తెలిసింది. కానీ ఇంకోసారి గిన్నెలు కాగితాల్లో చుట్టడం నావల్ల కాదనిపించింది. అంతే." ఆమె డబ్బా మీద చెయ్యి వేసింది. "ఆ పెద్దావిడ సంగతి నాకు తెలియదు."

మేస్త్రి తల వంచుకున్నాడు. ఆమెని తిట్టడానికి నోట్లోకి వచ్చిన మాటలన్నీ వెనక్కి పోయాయి. ముప్పై ఏళ్ళ నుంచి అనని మాట ఒకటి ఉంది, దానికి అవన్నీ దారిచ్చాయి.

"ఆ అయిదిళ్ళలో ఒక్కటీ కూలలేదు," అన్నాడు.

ఆమె ఆయన వంక చూసింది. కొంచెం జరిగి, మెట్టు మీద ఆయన కాళ్ళు చాపుకోవడానికి చోటిచ్చింది.

"ఈసారి ఇల్లు నువ్వు చూడు. నీకు నచ్చితే చాలు. నేను గోడలు తట్టి చూడను."

"తట్టండి," అంది ఆమె, డబ్బా మూత బిగించి ఆయన చేతికిస్తూ. "కాకపోతే ఏం వినపడిందో అప్పుడే నాకు చెప్పండి. నాకు కనపడినవి నేనూ చెబుతాను."

డబ్బా బరువేమీ లేదు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, లోపలి ముక్కలు కదలకుండా.