వినిపిస్తే చెయ్యెత్తండి

“ఇక్కడ నీకేం పని? హాయిగా కూర్చో,” అన్నారు మా ఆయన, తడి తువ్వాలు నా చేతికిస్తూ.

అప్పటికి ఓడ ఎక్కి గంట కూడా కాలేదు. క్యాబిన్ అని పేరే గానీ, నలుగురం ఒకేసారి లేచి నిలబడితే ఒకళ్ళ మోచెయ్యి ఇంకొకళ్ళ మూతికి తగిలేంత గది. అత్తయ్య మాత్రల డబ్బా నా సంచిలో, అమ్మాయి ఛార్జరు నా సంచిలో, ఆయన కళ్ళజోడు తుడుచుకునే గుడ్డముక్క కూడా నా సంచిలోనే. ఈ ప్రయాణం, పెళ్ళయి పాతికేళ్ళయిందని ఆయన నాకిస్తున్న కానుకట. ఆఫీసులో అందరికీ అలాగే చెప్పుకున్నారు. “అమ్మనొక్కదాన్నీ ఎలా వదిలేస్తాం?” అని అత్తయ్యనీ, “పిల్ల ఒక్కతే ఇంట్లో ఏం చేస్తుంది?” అని పంతొమ్మిదేళ్ళ కూతుర్నీ వెంట తెచ్చారు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుందని అనుకున్నాను గానీ పైకి అనలేదు. అనకుండా మింగిన మాటలతోనే నాకు సగం కడుపు నిండిపోతుంది.

ఓడ ఎక్కేటప్పుడే అందరి మణికట్టుకీ రంగు పట్టీలు కట్టారు. వయసును బట్టి రంగు. కుర్రకారుకి నారింజ, మా ఈడువాళ్ళకి పచ్చ, పెద్దవాళ్ళకి తెలుపు. ఏ రంగువాళ్ళకి ఆ హాలు, ఆ పాటలు. ఇదంతా చూసుకునే ఆవిడ ఒకతె ఉంది. చేతిలో మైకు, మొహం నిండా నవ్వు. ఆవిడ పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ పాటలావిడే.

“పదహారో ఏటి నుంచి పాతికో ఏడు దాకా చెవినపడ్డ పాటలే చచ్చేదాకా మనిషి సొంత పాటలండీ,” అంది పాటలావిడ. “ఎనభై ఏళ్ళొచ్చినా సరే, అవి వినబడితే కాలు ఊరుకోదు. అందుకే మా ఓడలో ఎవరి ఈడు పాటలు వాళ్ళకి.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెవుల సంగతి నాకు కొంచెం తెలుసు. ఒక చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. గాజు కిటికీ ఉన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, తలుపు బిగించి, చెవులకి యంత్రం తగిలించి, “వినిపిస్తే చెయ్యెత్తండి” అని చెప్పడం నా పని. ఆ తలుపు గట్టిగా మూసుకుంటే లోపలికి వీధి గోల కాదు కదా, పిడుగు కూడా వినపడదు. పిల్లలకి వినిపించే సన్నని కూతలు పెద్దవాళ్ళకి వినిపించవు. రోజంతా అదే చూస్తాను. డాక్టరుగారు నన్ను కొత్తవాళ్ళకి “మా కూతలమ్మాయి” అని పరిచయం చేస్తారు. నలభై నాలుగేళ్ళ అమ్మాయిని. పరీక్షల మధ్యలో, “నీ చేతి కాఫీ తాగితేగానీ బుర్ర పనిచెయ్యదమ్మాయ్,” అంటారు. ఆ కాఫీ నా ఉద్యోగంలో భాగమని ఎవరూ రాసివ్వలేదు, కాదనీ ఎవరూ అనలేదు.

పచ్చ హాలు చూడగానే నా ప్రాణం అక్కడే ఉండిపోయింది. గుండ్రటి బల్లలు, పసుపుపచ్చని దీపాలు, గోడకి పెద్ద తెర. రోజూ సాయంత్రం మా ఈడు పాటలు ఏడాది వారీగా వేస్తారట. పదహారేళ్ళప్పుడు నేనొక పాటల పిచ్చిదాన్ని. అన్నయ్య కొనిచ్చిన టేప్ రికార్డర్ పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. ఒక్క సాయంత్రం ఇక్కడ కూర్చోవాలి, అంతే, ఇంకేమీ వద్దు అనుకున్నాను. అదే మా ఆయనతో అన్నాను.

“ఎవరొద్దన్నారు? అమ్మని కూర్చోబెట్టేసి రా,” అన్నారు.

అత్తయ్యని కూర్చోబెట్టడమంటే కుర్చీలో కూర్చోబెట్టడం కాదు. తెల్ల హాలు కింది అంతస్తులో. మెత్తటి తివాచీ, మంద్రంగా వయొలిన్, వణికించే చల్లదనం. శాలువా కప్పాలి, కాసేపటికి తీయాలి, బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాటలో ప్రతి మాటా చెవిలో చెప్పాలి. చుట్టూ ఆవిడ ఈడువాళ్ళంతా తలలూపుతూ కూనిరాగాలు తీస్తుంటే అత్తయ్య మాత్రం రాయిలా కూర్చునేది. “ఏమంటున్నాడే?” అనేది. చెప్పేదాన్ని. “ఆహా,” అనేది. మళ్ళీ “ఏమంటున్నాడే?”

“మీకు చెవులు మందగించాయి అత్తయ్యా. మిషన్ పెట్టుకోమంటే వినరు,” అని విసుక్కున్నాను.

“నా చెవులకేం? దివ్యంగా ఉన్నాయి,” అంది.

చెవిటివాళ్ళంతా అనేది అదే. నా ఉద్యోగంలో రోజుకి పదిమంది దగ్గర వింటాను.

ఈలోగా మా ఆయన పచ్చ హాల్లోంచి ఫోన్ చేసేవారు. “పిల్ల ఎక్కడుంది? ఆ పైన గెంతులేంటి? కిందికి తీసుకొచ్చి నానమ్మ దగ్గర కూర్చోపెట్టు. నలుగురూ ఏమనుకుంటారు?” ఎవరా నలుగురు అని నేనెప్పుడూ అడగలేదు. మెట్లెక్కేదాన్ని. ఆకాశం కింద, కుర్రాళ్ళకోసం కట్టిన డెక్ అది. అక్కడ డప్పు మోతకి ఇనప కడ్డీలు కూడా అదిరేవి. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే మా అమ్మాయి వచ్చేది. మారు మాట్లాడేది కాదు. మెట్ల మీద మాత్రం ఒకసారి, “మిగతావాళ్ళ అమ్మలెవ్వరూ రారు తెలుసా?” అంది. “మిగతావాళ్ళకి మీ నాన్న లేరుగా,” అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

రోజులన్నీ అలాగే అయిపోయాయి. పచ్చ హాలు తలుపు సందులోంచి దీపాలు చూస్తూ పైకీ కిందికీ తిరిగాను. మర్నాడు పొద్దున్నే ఓడ ఒడ్డుకి చేరుతుందనగా ఆ సాయంత్రం ఇక నావల్ల కాలేదు. మా అమ్మాయిని పైనుంచి పట్టుకొచ్చి అత్తయ్య పక్కన కూలేసి, “ఒక్క గంట. నీకు పుణ్యముంటుంది. నానమ్మకి మాటలు చెబుతూ ఉండు,” అని బతిమాలాను. అది నా మొహంలోకి చూసి సరేనంది. దాని సాయంత్రం లాక్కుని నా సాయంత్రం చేసుకున్నానని తెలుసు. తెలిసే వెళ్ళాను. అంత ఆశ పుట్టింది మరి.

మా ఆయన కొత్తగా స్నేహమైన వాళ్ళతో ముందు బల్ల దగ్గర ఉన్నారు. పక్కన కుర్చీ ఖాళీ. కూర్చున్నాను. పాటలావిడ మైకు అందుకుంది. “ఆట తెలుసుగా? పాట ముక్క వేస్తాను. తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. మిగతాది మీరే పాడాలి!”

నాకు నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి నేను అందరికీ చెప్పే మాట నాకొకరు చెప్పడం అదే మొదలు.

తెర మీద నా పదహారో ఏడు పడింది. మొదటి పాట. చెయ్యి దానంతటదే లేచింది. రెండోది, మూడోది. ప్రతిదీ తెలుసు. మాట మాటా తెలుసు. ఎక్కడ వాయిద్యం ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలుసు. గొంతు పగిలేలా పాడాను. పక్క బల్ల ఆవిడ నా భుజం తట్టింది. మా ఆయన, “అబ్బో, నీకింత గొంతుందా!” అన్నారు. ఏడుపొచ్చేంత సంతోషమేసింది. పదిహేడు, పద్దెనిమిది. ఆ గదిలో నాకన్నా ఎక్కువసార్లు చెయ్యెత్తినవాళ్ళు లేరు.

పంతొమ్మిది పడింది. మా పెళ్ళయిన ఏడు.

పాట మొదలైంది. నేను సగం ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏదో విన్నట్టుంది, కాదు. సర్లే, ఒకటి మర్చిపోయి ఉంటాననుకున్నాను. రెండోదీ తెలియలేదు. హాలంతా లేచి నిలబడి పాడుతోంది. మా ఆయన బల్ల మీద దరువేస్తూ, కళ్ళు మూసుకుని పాడుతున్నారు. ఇరవై. ఇరవై ఒకటి. ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి తెలియదు. అందరి చేతుల మధ్యా నా చేతులు ఒళ్ళో పడున్నాయి. గాజు కిటికీ అవతల కూర్చుని, ఏమీ వినపడక బిక్కమొహంతో నావైపు చూసేవాళ్ళని ఎంతమందిని చూశానో. ఆ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడది నా మెడ మీద ఉంది.

మా ఆయన మోచేత్తో పొడిచారు. “ఏంటోయ్, చెయ్యెత్తవే? ఈ పాట తెలీదా? మనింట్లో రోజూ మోగేదిగా. నీ టేప్ రికార్డర్లోనే!”

నిజమే. ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే నా టేప్ రికార్డర్ ముందు గదికి వెళ్ళింది. “వంటింట్లో ఎవరు వింటారు? ఇక్కడైతే అందరం వింటాం,” అన్నారు ఈయన. ఆ ‘అందరం’లో నేను లేనని అప్పట్లో తోచలేదు. ముందు గదికీ వంటింటికీ మధ్య ఒక తలుపుండేది. “ఘాటు వస్తోంది, ఆ తలుపేసెయ్!” అని మావగారు అరిచేవారు. వేసేదాన్ని. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, కప్పుల మీద కప్పుల కాఫీలు. గిన్నెలు, కుక్కరు కూతలు, కుళాయి ధార, తర్వాత చంటిదాని ఏడుపు. గిన్నెలు తోముతూ ఒకసారి కూనిరాగం తీస్తే మావగారు, “ఎవరు పోయారని ఆ ఏడుపు?” అన్నారు. ముందు గదిలో అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు. అదొక్కటి మాత్రం తలుపు వేసున్నా బాగా వినపడింది.

అదే ఇల్లు. అవే ఏళ్ళు. ఆయనకి ఆ పాటలన్నీ వచ్చు. నాకు కుక్కరు కూతలు వచ్చు. పాటలావిడ లెక్కన చచ్చేదాకా నా సొంత పాట అదే అన్నమాట. పైకే నవ్వాను. పక్క బల్ల ఆవిడ నవ్వు కలిపి, తనూ చెయ్యెత్తి పాడుకుంది.

ఆయన ఫోన్ మోగింది. “అమ్మే. పిల్ల మళ్ళీ పైకి పారిపోయిందట. అమ్మ ఒక్కతే ఉంది. వెళ్ళి తీసుకురా,” అన్నారు, పాటలోంచి కళ్ళు తెరవకుండానే.

లేచాను. ముందు అత్తయ్యని చూసి పోదామని మెట్లు దిగాను. కింద తెల్ల హాలు గుమ్మం దగ్గర కాళ్ళు ఆగాయి. ముసలివాళ్ళంతా ఒక్క గొంతుతో పాడుతున్నారు. మధ్యలో అత్తయ్య, ఒళ్ళో చేతులు, ఒక్క మాటా పలకని నోరు. అచ్చం ఇందాకటి నాలాగే. వెళ్ళి పక్కన కూర్చున్నాను. గొంతు పెంచకుండా, మామూలుగా, ఇంకా చెప్పాలంటే గుసగుసగానే అడిగాను.

“అత్తయ్యా, ఈ పాట మీకు తెలుసా?”

వెంటనే నావైపు తిరిగింది. అంత సన్నగా అడిగినా వినపడింది. “నాకెలా తెలుస్తుందే? ఆ రోజుల్లో రేడియో మగాళ్ళ గదిలో ఉండేది. మీ మావగారికి వచ్చేవి ఇవన్నీ. నాకు తెలీదని ఎలా చెప్పను ఇంతమందిలో? అందుకే నిన్నడుగుతున్నా, ఏమంటున్నాడే అని.”

ఇన్నేళ్ళ పనితనం, ఆవిడ చెవుల మీద పెట్టిన విసుగు, అంతా తప్పే. ఆవిడకి చెవుడు లేదు.

చెయ్యి పట్టుకుందామని ముందుకి వంగాను. ఆవిడ అప్పటికే మొహం సర్దుకుంది. “నీ కూతురు నన్నొదిలేసి పోయింది చూడు. ఆడపిల్లకి అంత గంతులేంటి? వెళ్ళు, లాక్కురా ముందు,” అంది.

మెట్లెక్కాను. కాళ్ళకి దారి అలవాటే. తలుపు తోయగానే డప్పు మోత. గుంపు మధ్యలో మా అమ్మాయి. జుట్టు విప్పుకుని, చెప్పులు ఎక్కడో విసిరేసి, కళ్ళు మూసుకుని ఆడుతోంది. పాటలో ప్రతి మాటా దాని పెదాల మీద ఉంది. అది అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. రోజూ చూస్తూనే ఉన్నాను, కానీ పిలిచేద్దామనే తొందరలో చూశాను.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. ఆడడం ఆపేసింది.

నేను పిలవలేదు. చెయ్యి ఊపలేదు. ఊరికే గుమ్మంలో నిలబడ్డాను. దానికి అది చాలు. మొహంలో వెలుగంతా ఆర్పేసుకుని, వంగి చెప్పులు వెతుక్కుంటోంది. నా వంటింటి తలుపు మావగారు వేయించారు, ఈయన చూస్తూ ఊరుకున్నారు. మరి దీని తలుపు? దాన్ని వేస్తున్నది నేనే. దేవుడా, నేనే.

“వస్తున్నాలే,” అంది దగ్గరికొచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని.

“నీకోసం రాలేదే. గాలికోసం వచ్చాను.”

నమ్మలేదు. “నానమ్మ?”

“నానమ్మకి కొడుకున్నాడు.”

“నాన్న తిడతారు.”

“నన్ను కదా తిట్టేది. అలవాటే. చెప్పులు అక్కడ పడేసి వెళ్ళు.”

వెళ్ళింది. కానీ ఆడలేదు. గుంపు మధ్య నిలబడి నావైపే చూస్తోంది, ఏ క్షణాన పిలుస్తానో అని. నా కళ్ళు దాని మీద ఉన్నంతసేపూ దానికి కాలు ఆడదని అర్థమైంది. వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుని, సముద్రం వైపు నిలబడ్డాను. కాసేపటికి వెనక ఎవరో ఈలేశారు. దాని నవ్వు వినపడింది. తిరిగి చూడలేదు.

పాట మారింది. ఇదీ నాకు తెలియదు. ఇప్పుడు నేర్చుకున్నా నాది అవదు. ఆ ఏళ్ళు పోయాయి. ఎవరినడిగినా తిరిగి రావు.

చేతిలో ఫోన్ మోగింది. ఆయనే. ఆగిపోయి, మళ్ళీ మోగింది. నా చెవులు బాగానే ఉన్నాయి. వినిపిస్తోంది.

చెయ్యెత్తలేదు.