ఐదో వత్తి

ఐర్లండ్‌లోని గాల్వేలో గుండె స్టెంట్లను పరీక్షించే కళాధర్‌కి సొంతింటి థర్మోస్టాట్ మాత్రం లొంగలేదు. బ్యాటరీలు మార్చాడు, దుమ్ము దులిపాడు, నోరారా తిట్టాడు. రోజూ పొద్దున్నే అందరూ గడగడా వణుకుతుంటే, అది ఇరవై ఏడు డిగ్రీలని చూపించి హీటింగ్ ఆపేసేది.

“హీటింగ్ బాగుపడాలని రోజుకో వత్తి పెంచుతున్నానండీ, ఇవాళ ఐదు,” అంది భార్య జ్ఞానేశ్వరి, గోడకున్న దేవుడి అరలో దీపం వెలిగిస్తూ.

కళాధర్ తలెత్తాడు. దీపం సెగకి, జానెడు పైనున్న థర్మోస్టాట్‌లో అంకె ఎగబాకుతోంది!

వైర్లు లేనిదే కాబట్టి, ఊడదీసి ఎదురు గోడకి తగిలించాడు. కాసేపటికి బాయిలర్ గుర్రుమంది, రేడియేటర్లు వెచ్చబడ్డాయి.

“చూశారా!” జ్ఞానేశ్వరి ఆనందంగా చేతులు జోడించింది. “ఐదో వత్తికి కరుణించాడు స్వామి!”

కళాధర్ నవ్వుకుంటూ ఆరో వత్తి తనే వేశాడు.