వాపు లేని కాటు

కళ్ళంలో గడ్డి లాగుతుంటే నరసింగరావును పాము కరిచింది. ఆయన మంత్రం వేయించుకుని నింపాదిగా ఇంటికొచ్చాడు. నర్సుగా పనిచేసే కోడలు దీపిక మండిపడింది.

"పాము కరిస్తే మంత్రమేటి మావా? ఆస్పత్రికి పదండి!"

"నిరుడూ మంత్రమే బతికించినాది."

"నిరుడు కరిసింది నీటిపాము. దానికి మజ్జిగ తాగినా తగ్గిపోతాది!"

"అప్పుడు నువ్వే సెప్పినావు కదేటమ్మా, వాపు లేకపోతే విషం లేనట్టేనని? సూడు, వాపుందేటి? నీ సైన్సూ, నా దేవుడూ ఇప్పుడు ఒకటే మాట."

దీపిక గొంతు తగ్గింది. "ఎలాటి పాము మావా?"

"నల్లటిది. ఒంటినిండా తెల్లగీతలు."

కట్లపాము. అది కరిస్తే వాపు రాదు, మగత కమ్ముతుందన్న సంగతి, నిరుడు వాదన గెలిచిన సంబరంలో ఆమె చెప్పనేలేదు.

"హాయిగా నిద్దరొస్తన్నాదమ్మా," అన్నాడాయన. రెప్పలు అప్పటికే సగం వాలిపోయాయి.